వైరస్‌కు ప్రాణం ఉందా? అండమాన్ దీవులు చెప్పే జవాబు

1877లో అండమాన్ దీవుల్లోని పోర్ట్‌బ్లెయిర్‌లో తట్టు వ్యాధి కనిపించింది. బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ ఖైదీల స్థావరం పెట్టి అప్పటికి 19 ఏళ్లయింది. ప్రధాన భూభాగం నుంచి ఓడలో వచ్చిన ఖైదీలతో పాటే ఆ వ్యాధి దీవిలో దిగింది. మొదట స్థావరం దగ్గర ఉండే అండమానీయులకు సోకింది. వారి నుంచి అడవుల్లో, తీరాల్లో ఉండే తక్కిన తెగలకు పాకింది. గ్రేట్ అండమాన్‌లోని ఆదివాసుల్లో సగం మంది, బహుశా మూడింట రెండు వంతుల మంది దానికి బలయ్యారని ఆ తర్వాతి కాలంలో వారి వ్యవహారాలు చూసిన అధికారి ఎం.వి. పోర్ట్‌మన్ అంచనా వేశాడు. 1858లో వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1901 జనాభా లెక్కల నాటికి 625 మంది మిగిలారు. 1961 నాటికి 19 మంది. సిఫిలిస్, ఇన్‌ఫ్లుయెంజా వంటి జబ్బులు కూడా ఇందుకు కారణమే అయినా, తట్టు కొట్టిన దెబ్బ చాలా పెద్దది.

అప్పటికి తట్టుకు టీకా లేదు. ఆ టీకా వచ్చింది 1963లో. మందు కూడా లేదు. అయినా ఇలాంటి చిన్న జనసమూహాల్లో తట్టు ఒకసారి విరుచుకుపడ్డాక దానంతట అదే ఆగిపోతుంది. అంటుకోవడానికి కొత్త మనిషి దొరకనప్పుడు దాని కథ ముగుస్తుంది. అలా ఆగిపోయినప్పుడు ఆ వైరస్ ఏమైనట్టు? చచ్చిపోయిందని మనం మామూలుగా అంటాం. కానీ చావాలంటే ముందు బతికి ఉండాలి కదా! వైరస్‌కు అసలు ప్రాణం ఉందా?

వందేళ్లకు పైగా శాస్త్రవేత్తలు వాదించుకుంటున్న ప్రశ్న ఇది. సాధారణంగా దీన్ని ప్రయోగశాలలో, సూక్ష్మదర్శిని కింద పెట్టి చర్చిస్తారు. చుట్టూ సముద్రం ఉన్న దీవుల్లో పెట్టి చూస్తే మరో కోణం కనిపిస్తుంది.

ప్రాణం ఉందని ఎలా చెబుతాం?

పాఠ్యపుస్తకాల్లో జీవి లక్షణాల జాబితా ఒకటి ఉంటుంది. జీవి జీవకణాలతో తయారవుతుంది. బయటి నుంచి ఆహారమో, శక్తో తీసుకుని వాడుకుంటుంది. తన లోపలి పరిస్థితులను నిలకడగా ఉంచుకుంటుంది. పెరుగుతుంది. తనలాంటి వాటిని పుట్టిస్తుంది. తరతరాలుగా మారుతూ పరిణామం చెందుతుంది.

ఈ జాబితా ఉపయోగకరమైనదే గానీ, అన్ని చోట్లా సరిపోదు. కంచరగాడిద పిల్లల్ని కనలేదు. అంతమాత్రాన దానికి ప్రాణం లేదని అనం. నిప్పు కట్టెల్ని తింటుంది, పెరుగుతుంది, పక్క ఇంటికి అంటుకుని మరో మంటను పుట్టిస్తుంది. అయినా నిప్పుకు ప్రాణం ఉందని అనం. ఎందుకంటే మంటకు వారసత్వం లేదు. ఏ మంట ఎలా మండుతుందో దాని కట్టె, గాలి నిర్ణయిస్తాయే తప్ప తల్లి మంట నుంచి దానికి వచ్చే సమాచారం ఏదీ ఉండదు.

జీవికీ వైరస్‌కూ ఉన్న తేడా అర్థం కావాలంటే అండమాన్‌లోనే జరిగిన ఇంకో సంఘటన చూద్దాం. 1980ల చివరి నుంచి ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ప్రాంతంలో వానాకాలం చివర ఒక జ్వరం వచ్చేది. కొందరికి ఊపిరితిత్తుల్లో రక్తస్రావం జరిగి ప్రాణం మీదికి వచ్చేది. కారణం తెలియక దాన్ని అండమాన్ రక్తస్రావ జ్వరం అని పిలిచారు. ఇలాంటి లక్షణాలు కొన్ని వైరస్ జ్వరాల్లోనూ ఉంటాయి కాబట్టి, లక్షణాలు చూసి ఇది ఫలానా అని చెప్పడం కష్టం. పోర్ట్‌బ్లెయిర్‌లోని భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు 1990ల మొదట్లో దీన్ని పరిశోధించి, కారణం వైరస్ కాదు, లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా అని తేల్చారు.

లెప్టోస్పైరా ఎలుకలు, పశువుల మూత్రం ద్వారా నీటిలోకి చేరుతుంది. తడి నేలలో, బురద నీటిలో వారాల తరబడి బతుకుతుంది. అక్కడ తన శక్తిని తానే తయారు చేసుకుంటుంది, తన ప్రొటీన్లను తానే కట్టుకుంటుంది. ప్రయోగశాలలో సరైన పోషక ద్రవం ఇస్తే ఏ జంతువు సాయమూ లేకుండా రెండుగా, నాలుగుగా విడిపోతూ పెరుగుతుంది. పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌లు దాని మీద పనిచేయడానికి కారణం కూడా ఇదే. పెన్సిలిన్ ఆ బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడ పనిని చెడగొడుతుంది. డాక్సీసైక్లిన్ దాని ప్రొటీన్ల తయారీని ఆపుతుంది. దానికంటూ సొంత పని ఉంది కాబట్టే మందు ఆ పనిని ఆపగలుగుతోంది.

తట్టు వైరస్‌కు ఈ మందులు ఇస్తే ఏమీ కాదు. ఆపడానికి అక్కడ సొంత పని అంటూ ఏదీ లేదు. జలుబుకూ ఫ్లూకూ యాంటీబయాటిక్‌లు మింగవద్దని వైద్యులు చెప్పేది ఇందుకే. ప్రాణం ఉందా లేదా అన్న చర్చ వినడానికి తత్వశాస్త్రంలా ఉన్నా, దాని ఫలితం మందుల చీటీ దాకా వస్తుంది.

పెట్టెలో పెట్టిన కాగితం

మనిషి ఒంటికి బయట, గాలిలో తేలుతున్న తట్టు వైరస్ రేణువును ఊహించుకోండి. దీన్ని విరియాన్ అంటారు. పైన కొవ్వు పొర, దాని మీద ప్రొటీన్ ముళ్లు, లోపల ప్రొటీన్లు చుట్టుకుని ఉన్న ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు. ఆ ఆర్‌ఎన్‌ఏలో ఉన్నవి 15,894 రసాయన అక్షరాలు, ఆరు జన్యువులు. ఆ అక్షరాలను నకలు తీసే ఒక ఎంజైమును కూడా అది వెంట తెచ్చుకుంటుంది. అంతే. శక్తిని తయారు చేసే ఏర్పాటు లేదు. ప్రొటీన్లను తయారు చేసే రైబోజోములు లేవు. తినదు, పెరగదు, విడిపోదు. గాలిలో రెండు గంటల దాకా అంటుకునే గుణంతో ఉండవచ్చు. ఆ రెండు గంటల్లో అది చేసే పని మాత్రం ఏమీ లేదు.

విత్తనం కూడా అలా నిద్రాణంగానే ఉంటుంది కదా అని అడగవచ్చు. మంచి ప్రశ్నే. గాదెలో ఉన్న వడ్లగింజ కదలదు, మెదలదు. కానీ దాని లోపల పూర్తి జీవకణాలున్నాయి, రైబోజోములున్నాయి, మొలకకు కావలసిన పిండి ఉంది. తడి తగిలితే చాలు, తన పని తాను మొదలుపెడుతుంది. విరియాన్‌ను నీళ్లలో నానబెట్టినా, పోషకాల్లో ముంచినా ఏమీ జరగదు. వడ్లగింజను నిద్రపోతున్న వంటమనిషి అనుకుంటే, విరియాన్ పెట్టెలో పెట్టిన వంటకం కాగితం. వేరొకరి వంటింట్లో, వేరొకరి పొయ్యి మీద, వేరొకరి సరుకులతో తప్ప ఆ వంట జరగదు.

1935లో అమెరికా శాస్త్రవేత్త వెండెల్ స్టాన్లీ చేసిన ప్రయోగం ఈ సంగతిని ప్రపంచం ముందు పెట్టింది. పొగాకు ఆకుల మీద మచ్చలు తెప్పించే వైరస్‌ను ఆయన శుద్ధి చేసి, ఉప్పులాగా, చక్కెరలాగా స్ఫటికాలుగా మార్చాడు. ఆ స్ఫటికాలను నీళ్లలో కరిగించి పొగాకు మొక్కకు పూస్తే మళ్లీ జబ్బు వచ్చింది. సీసాలో నిలవ చేయగలిగిన పదార్థం మొక్కలోకి వెళ్లేసరికి లక్షల ప్రతులుగా పెరుగుతోంది. స్టాన్లీకి 1946లో నోబెల్ బహుమతి వచ్చింది. అది వైద్యశాస్త్రంలో కాదు, రసాయనశాస్త్రంలో. 1955లో హైంజ్ ఫ్రెంకెల్ కాన్రాట్, రాబ్లీ విలియమ్స్ అదే వైరస్ ఆర్‌ఎన్‌ఏను, ప్రొటీన్‌ను వేర్వేరు చేసి, మళ్లీ కలిపి, అంటుకునే వైరస్‌ను తిరిగి పొందారు. 2002లో ఎకార్డ్ విమ్మర్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. పోలియో వైరస్ జన్యు అక్షరాల వరుసను మాత్రమే చూసి, రసాయనాలతో ఆ వరుసను కట్టి, పని చేసే వైరస్‌ను తయారు చేసింది. ఒక కోడినో, వేపచెట్టునో ఇలా విడదీసి కలపడం ఎవరి తరమూ కాదు.

ఇంతవరకు చూస్తే తీర్పు తేలిపోయినట్టే అనిపిస్తుంది. వైరస్ ఒక రసాయన పదార్థం, ప్రాణం లేదు. కానీ మనం ఇప్పటిదాకా చూసింది పెట్టెలోని కాగితాన్ని మాత్రమే.

లోపలికి వెళ్లాక

విరియాన్ ఊపిరితో పాటు మనిషిలోకి వెళుతుంది. దాని ముళ్లు మన రోగనిరోధక కణాల మీద ఉండే ఒక ప్రత్యేకమైన ప్రొటీన్‌కు అతుక్కుంటాయి. కొవ్వు పొర జీవకణం పొరతో కలిసిపోతుంది. లోపలి ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. అక్కడితో విరియాన్ అనేదే ఉండదు. అయితే సరిగ్గా అప్పుడే అసలు పని మొదలవుతుంది. ఎంజైము నకళ్లు తీస్తుంది, మన రైబోజోములు ఆ నకళ్లను చదివి వైరస్ ప్రొటీన్లను తయారు చేస్తాయి, మన శక్తి ఖర్చవుతుంది, కొత్త రేణువులు పొర నుంచి మొగ్గల్లా బయటికి వస్తాయి. ఆ రోగనిరోధక కణాల మీదే ఊరేగుతూ వైరస్ ఒళ్లంతా తిరిగి, చివరికి శ్వాసనాళాల లోపలి పొరలోకి చేరుతుంది. దగ్గుతో, తుమ్ముతో బయటికి వస్తుంది.

ఫ్రెంచి శాస్త్రవేత్త పాట్రిక్ ఫోర్తేర్ ఈ దశను చూపించి ఒక వాదన చేశాడు. విరియాన్‌ను చూసి వైరస్‌కు ప్రాణం లేదనడం, పుప్పొడి రేణువును చూసి చెట్టు ఇంతే అనడం లాంటిదని ఆయన వాదన సారాంశం. వైరస్ ఆక్రమించిన జీవకణం ఇక మన జీవకణం కాదు, వైరస్ రేణువులను తయారు చేయడమే పనిగా పెట్టుకున్న కొత్త జీవి అని ఆయన అంటాడు. డేవిడ్ మొరేరా, పురిఫికాసియోన్ లోపెజ్ గార్సియా 2009లో దీనికి ఎదురు వాదన చేశారు. అక్కడ పని చేస్తున్నది జీవకణమే, వైరస్ సమాచారం మాత్రమే ఇస్తోంది, కాబట్టి జీవవృక్షంలో వైరస్‌లకు చోటు లేదని వారు రాశారు.

2003లో గుర్తించిన మిమివైరస్ ఈ గొడవను ఇంకాస్త పెంచింది. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక శీతలీకరణ గోపురం నీటిలో 1992లో దొరికిన దీన్ని పదేళ్ల పాటు బ్యాక్టీరియా అనే అనుకున్నారు. అంత పెద్దది. దాని డీఎన్‌ఏలో దాదాపు 12 లక్షల అక్షరాలున్నాయి. కొన్ని బ్యాక్టీరియాల డీఎన్‌ఏ అందులో సగం కూడా ఉండదు. 2008లో దీని బంధువైన మరో పెద్ద వైరస్‌ను పట్టి పీడించే స్పుట్నిక్ అనే చిన్న వైరస్ కూడా బయటపడింది. జబ్బు పడగలిగినదానికి ప్రాణం లేదని ఎలా అంటారని కొందరు అడిగారు. అయినా ఈ పెద్ద వైరస్‌లకు కూడా సొంత రైబోజోములు లేవు. అమీబా వంటింట్లోకి వెళ్లనిదే వాటికీ వంట లేదు.

దీవి చెప్పే సంగతి

ఇప్పుడు సూక్ష్మదర్శినిని పక్కన పెట్టి సముద్రం వైపు చూద్దాం.

తట్టు సోకిన మనిషి ఒంటి మీద దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచి, వచ్చాక నాలుగు రోజుల వరకు ఇతరులకు అంటించగలడు. తర్వాత కోలుకుంటాడు, లేదా చనిపోతాడు. కోలుకుంటే జన్మంతా మళ్లీ తట్టు రాదు. అంటే వైరస్‌కు ప్రతి మనిషీ ఒకే ఒక్కసారి, కొద్ది రోజుల పాటు దొరికే విడిది. దాదాపు రెండు వారాలకోసారి అది కొత్త మనిషిలోకి మారాలి. సంవత్సరానికి సుమారు 26 సార్లు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా కథ అక్కడితో సరి.

దీనికి మంచి రుజువు ఉత్తర అట్లాంటిక్‌లోని ఫెరో దీవుల్లో దొరికింది. 1846లో అక్కడ తట్టు వ్యాపించినప్పుడు డెన్మార్క్ ప్రభుత్వం పీటర్ పానుమ్ అనే యువ వైద్యుణ్ని పంపింది. 7,782 మంది జనాభాలో దాదాపు 6,000 మంది జబ్బు పడ్డారు. కానీ 1781లో వచ్చిన తట్టును చిన్నప్పుడు అనుభవించిన వృద్ధులకు మాత్రం ఏమీ కాలేదు. నడుమ 65 ఏళ్లు ఆ దీవుల్లో తట్టు లేనే లేదు. ఆ కాలమంతా అది ఏ మట్టిలోనో, ఏ గోడల సందుల్లోనో విత్తనంలా దాక్కుని లేదు. దీవిలో అది పూర్తిగా అంతరించి, మళ్లీ ఓడ ఎక్కి రావలసి వచ్చింది.

జనాభా ఎంత ఉంటే తట్టు ఒక చోట శాశ్వతంగా నిలుస్తుంది? 1957లో గణాంక శాస్త్రవేత్త ఎం.ఎస్. బార్ట్‌లెట్ పట్టణాల లెక్కలు చూసి, రెండున్నర లక్షల నుంచి మూడు లక్షల ప్రాంతంలో ఒక హద్దు ఉంటుందన్నాడు. 1966లో ఫ్రాన్సిస్ బ్లాక్ ప్రపంచంలోని పలు దీవుల రికార్డులు పరిశీలించాడు. సుమారు ఐదు లక్షల మంది కన్నా తక్కువ ఉన్న దీవుల్లో తట్టు వచ్చిపోతూ ఉందే తప్ప నిలవలేదు. అంతమంది ఉంటేనే రెండేసి వారాలకు సరిపడా కొత్త పిల్లలు పుడుతూ, గొలుసుకు కొత్త లంకెలు దొరుకుతాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులన్నిటిలో కలిపి ఉన్నవారు 3 లక్షల 80 వేల మంది. అందులో దాదాపు యాభై వేల మంది తెలుగు మాతృభాషగా గలవారు. ఇంత మంది ఉన్న ఈ రోజుల్లో కూడా, టీకాయే లేదనుకున్నా, బ్లాక్ లెక్క ప్రకారం తట్టుకు ఈ దీవులు చాలవు. ఇక 1877కు ముందు, కొన్ని వేల మంది చిన్న చిన్న గుంపులుగా ఉన్న కాలంలో దానికి ఇక్కడ చోటెక్కడిది? అందుకే ఆనాటి అండమానీయుల్లో ముసలివారి నుంచి పసివారి దాకా ఎవరికీ దాని పరిచయం లేదు.

అంతమంది చనిపోవడానికి కారణం వారి రక్తంలో ఏదో లోపం ఉందని అనుకోవలసిన పని లేదు. మన ఊళ్లలో తట్టు పిల్లల జబ్బు. పిల్లవాడు పడుకుంటే తల్లి గంజి కాచి తాగిస్తుంది. అక్కడ తల్లి, తండ్రి, తాత అందరూ ఒకేసారి పడుకున్నారు. వేటకు వెళ్లేవారు లేరు, నీళ్లు తెచ్చేవారు లేరు. పైగా తట్టు రోగనిరోధక కణాలనే దెబ్బ తీస్తుంది కాబట్టి, దాని వెనకే నిమోనియా వంటివి వస్తాయి. 1875లో ఫిజీ దీవుల్లో కూడా ఇలాగే తట్టు కొత్తగా దిగి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది.

మంట, నివురుగప్పిన నిప్పు

అయితే చిన్న దీవిలో ఏ వైరసూ నిలవదా? నిలుస్తుంది. అండమాన్ నికోబార్‌లోనే దానికీ ఉదాహరణ ఉంది, హెపటైటిస్ బి.

పోర్ట్‌బ్లెయిర్ కేంద్రం శాస్త్రవేత్తలు చేసిన పరీక్షల్లో నికోబారీయుల్లో దాదాపు నాలుగో వంతు మందిలో, గ్రేట్ నికోబార్ అడవుల్లో ఉండే షోంపెన్‌లలో మూడో వంతుకు పైగా, జరావాలలో సగానికి పైగా మందిలో ఈ వైరస్ ఉన్నట్టు తేలింది. షోంపెన్‌లూ జరావాలూ వందల్లో మాత్రమే ఉన్న తెగలు. తట్టు అయితే ఇంత చిన్న తెగలో కొన్ని వారాలు కూడా నిలవడం కష్టం.

తేడా ఎక్కడుంది? తట్టు మంటలాంటిది. భగ్గుమంటుంది, కట్టె అయిపోగానే ఆరిపోతుంది. హెపటైటిస్ బి నివురుగప్పిన నిప్పు. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే పది మందిలో తొమ్మిది మందికి అది జీవితాంతం కాలేయంలో ఉండిపోతుంది. వారు తిరుగుతారు, పని చేస్తారు, పిల్లల్ని కంటారు. వైరస్‌కు రెండు వారాలకోసారి ఇల్లు మారే తొందర లేదు. ఒక తరం నుంచి ఇంకో తరానికి నెమ్మదిగా చేరితే చాలు.

ఈ రెండు వైరస్‌ల విరియాన్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ అచేతన రేణువులే. ఏది మంట, ఏది నివురుగప్పిన నిప్పు అన్న తేడా ఆ రేణువు తనంతట తాను చేసే పనిలో కనిపించదు. అది మనుషుల గొలుసులో కనిపిస్తుంది.

ఆ గొలుసులో ఇంకోటి కూడా జరుగుతుంది. నకలు తీసేటప్పుడు అక్షరాలు తప్పుపోతుంటాయి. ఎక్కువ తప్పులు వైరస్‌కే చేటు. అరుదుగా ఒక తప్పు మేలు చేస్తుంది. 2005 చివరి నుంచి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో కీళ్లు పట్టేసిన చికున్‌గున్యా మనకు గుర్తే. అది 2006లో అండమాన్ దీవులకూ చేరింది. అదే కాలంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఈ వైరస్ పై ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఆ మార్పుతో అది అంతకుముందు అంతగా సహకరించని ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమలో బాగా పెరగడం నేర్చింది. తర్వాత కేరళలో కూడా ఆ మార్పు ఉన్న రకం కనిపించింది. పరిస్థితికి తగిన రకం నిలవడం, దాని గుణం తర్వాతి తరానికి అందడం, ఇదే డార్విన్ చెప్పిన ప్రకృతివరణం. తట్టు వైరస్ కూడా పశువులకు వచ్చే రిండర్‌పెస్ట్ వైరస్‌కు బంధువు. మనుషులు పశువులతో కలిసి పెద్ద ఊళ్లు కట్టుకుని బతకడం మొదలుపెట్టాకే అది మనిషి జబ్బుగా స్థిరపడింది. నిప్పుకు లేని వారసత్వం వైరస్‌కు ఉంది. నిప్పుకూ వైరస్‌కూ ఉన్న ముఖ్యమైన తేడా అదే.

అయితే జవాబేమిటి?

వైరస్‌కు ప్రాణం ఉందా అని ఎవరైనా అడిగితే, ఏ దశలో అని తిరిగి అడగడం న్యాయం. గాలిలో తేలే విరియాన్‌కు ప్రాణం లేదు. ఇందులో పెద్దగా తగవు లేదు. ఆక్రమించిన జీవకణంలో జరుగుతున్న పని ప్రాణమున్న పనే, కానీ అది వైరస్ ఒక్కదానిదే అనడం కష్టం. మనిషి నుంచి మనిషికి సాగే గొలుసును తీసుకుంటే, అది జీవజాతిలాగే నిలుస్తుంది, మారుతుంది, అంతరిస్తుంది. ప్రాణం లేని వస్తువుకు అంతరించడం ఉండదు. గులకరాయి అంతరించిందని మనం అనం. మశూచి అంతరించిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అయినా మశూచి వైరస్ అమెరికా, రష్యా ప్రయోగశాలల్లో రెండు చోట్ల గడ్డకట్టిన స్థితిలో ఉంది. రేణువులున్నాయి, గొలుసు లేదు. అందుకే సీసాలో వైరస్ ఉన్నా మశూచి లేదనే మనం నిశ్చింతగా ఉన్నాం. అదే కారణంగా ఆ సీసాలకు అంత కాపలా కూడా పెట్టాం.

వైద్యులు కూడా తమ భాషలో ఈ రెండు కోణాలనూ కలిపే వాడుతున్నారు. తట్టు, రుబెల్లా టీకాలో ఉన్నది బలహీనపరచిన సజీవ వైరస్ అంటారు. పోలియో ఇంజెక్షన్‌లో ఉన్నది చంపిన వైరస్ అంటారు. ఇక్కడ సజీవం అంటే జీవకణంలోకి వెళ్లి నకళ్లు తీయించుకునే శక్తి మిగిలి ఉన్నదని అర్థం. తట్టు టీకా దీవి నుంచి దీవికి పడవలో వెళ్లేటప్పుడు కూడా మంచు పలకల పెట్టెలో, 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. ద్రవంతో కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి. ఎండకు ఆ శక్తి పోతే, సీసాలో పదార్థం ఉంటుంది గానీ టీకా ఉండదు.

గొలుసే వైరస్ బతుకు అని గ్రహిస్తే, దాన్ని ఎదుర్కొనే దారి కూడా తెలుస్తుంది. కోటానుకోట్ల రేణువులను వెతికి నాశనం చేయనక్కర్లేదు. లంకె తెంపితే చాలు. టీకా వేసుకున్న పిల్లవాడు తెగిన లంకె. నూటికి 95 మందికి రెండు మోతాదులు అందితే తట్టుకు దారి దొరకదు. ఉత్తర సెంటినల్ దీవి చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల లోపలికి ఎవరూ వెళ్లకూడదన్న నిషేధానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. సాహసం కోసమో, వీడియో కోసమో అక్కడికి వెళ్లే మనిషి ఒళ్లు బాగానే ఉండవచ్చు. కానీ జబ్బు బయటపడని రోజుల్లో అతనే ఆ లంకె కావచ్చు.

1999లోనూ, 2006లోనూ జరావాలకు తట్టు వచ్చింది. ఈసారి వారికి వైద్యం అందింది, 1877 నాటి విధ్వంసం జరగలేదు. 2020 ఆగస్టులో కరోనా వైరస్ గ్రేట్ అండమానీయుల్లో కొందరికి సోకినప్పుడు, యాభై మందికి కాస్త పైగా మాత్రమే ఉన్న ఆ తెగ అంతటికీ పరీక్షలు చేసి, సోకినవారిని వేరుగా ఉంచారు. వారు కోలుకున్నారు. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి అక్కడికి ఓడలూ విమానాలూ వెళుతూనే ఉన్నాయి. అక్కడ తనంతట తాను నిలవలేని వైరస్‌కు ప్రయాణికులే దారి. మన ఇంట్లో బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, పదహారు నెలలు దాటాక ఇంకోసారి వేయించే తట్టు టీకా ఆ దారిని మూసేస్తుంది. అది మన బిడ్డతో పాటు, సముద్రం అవతల మనం ఎన్నడూ చూడని బిడ్డకు కూడా రక్ష.